దివిసీమ 1977: తుఫానుకు ముందు సాయంత్రం ఏఐ వీడియోలో కుదరట్లేదు, సాయం చేయండి

లంక_కుర్రోడు | శుక్రవారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. ఐదు నిమిషాల చిన్న సినిమా ఒకటి చేస్తున్నాను. మా అమ్మమ్మది నాగాయలంక దగ్గర పల్లె. 1977 నవంబరు 19 ఉప్పెనలో బతికి బయటపడ్డ మనిషి. ఆవిడ చెప్పిన కబుర్లు గంటన్నర ఫోన్లో రికార్డు చేశాను. ఆ గొంతు వెనక బొమ్మలు కావాలి. ఉప్పెన చూపించను. ముందు రోజు, అంటే 18వ తేదీ సాయంత్రం, ఒక తాటాకు ఇల్లు, ఒక లాంతరు, అంతే. ఏదో జరగబోతోందని చూసేవాళ్లకి అనిపించాలి, ఇంట్లోవాళ్లకి మాత్రం తెలియకూడదు.

మూడు వారాలుగా కుస్తీ పడుతున్నాను. ఏఐ టూల్‌ని ఎన్నిసార్లు అడిగినా పెద్ద తలపాగా తాత, ఎర్రమట్టి నేల, బంగారం పోసినట్టు ఎండ, వెనకాల కేరళ కొబ్బరితోట. పొయ్యి దగ్గర కూర్చున్న ఆవిడకి ఘాగ్రా కట్టించింది. ఒకదాంట్లో పూరింటి మీద డిష్ యాంటెన్నా! నెలకి సరిపోవాల్సిన క్రెడిట్లు పదకొండు రోజుల్లో అయిపోయాయి. టూల్ మారిస్తే బాగుపడుతుందా, లేక తప్పు నాదేనా?

కెమెరాకన్ను | రాత్రి 9:30

ఏం రాసి అడిగారో ఆ ప్రాంప్ట్ పెట్టండి ముందు.

లంక_కుర్రోడు | రాత్రి 9:34

ఇంగ్లిష్‌లో ఇచ్చాను, తెలుగులో దాని అర్థం ఇదీ: "1977లో ఆంధ్ర తీరాన అందమైన భారతీయ పల్లెటూరు, తుఫానుకు ముందు సాయంత్రం, భయం పుట్టించే వాతావరణం, నాటకీయమైన వెలుగు, సినిమాటిక్, ఎంతో వివరంగా, 8కే."

కెమెరాకన్ను | రాత్రి 10:05

కోపం తెచ్చుకోకండి. ఇందులో కెమెరాకి కనబడే వస్తువు ఒక్కటీ లేదు. భయం పుట్టించే వాతావరణం ఎక్కడుంది, గోడ మీదా ఆకాశంలోనా? నాటకీయమైన వెలుగు ఎటునుంచి వస్తోంది? మీరు చెప్పకుండా వదిలేసిన చోటల్లా మోడల్ తను నేర్చుకున్న వీడియోల సగటు తెచ్చి పోస్తుంది. భారతీయ పల్లె అనగానే దాని దగ్గరున్న సగటు టూరిజం ప్రకటన. తలపాగా అక్కడిదే, బంగారు ఎండ అక్కడిదే.

నేను పెళ్లి వీడియోలు తీసి బతికేవాణ్ణి, సినిమాలు చేయలేదు. కానీ వెలుగు ఎక్కడైనా వెలుగే కదా. మీ సీన్లో రెండే దీపాలున్నాయి. ఒకటి ఆకాశం, రెండోది లాంతరు. లాంతరు వెలుగు 1900 కెల్విన్ చుట్టుపక్కల ఉంటుంది (వెలుగు రంగుకి కొలత అది, అంకె తగ్గేకొద్దీ ఎరుపు, పెరిగేకొద్దీ నీలం), పాతకాలపు బల్బు కన్నా ఎర్రన. మబ్బు కమ్మిన సాయంత్రం ఆకాశం 7000 దాకా పోతుంది, బాగా నీలం. ఈ రెండూ ఒకే ఫ్రేములో పడ్డాయంటే చూసేవాడి కన్ను లాంతరు దగ్గరకే పోతుంది. బయటి నీలం పరాయిగా, ఎవరో కాచుక్కూర్చున్నట్టు అనిపిస్తుంది. మీరడిగిన "ఏదో జరగబోతోంది" సగం అక్కడే వచ్చేస్తుంది. భయం అనే మాట ప్రాంప్ట్‌లో రాయనే అక్కర్లేదు. రాస్తే దెయ్యాల సినిమా పొగమంచు తెచ్చి పెడుతుంది.

ఇంకో సంగతి. దీపం నుంచి రెట్టింపు దూరం జరిగితే వెలుగు నాలుగో వంతుకి పడిపోతుంది. ఏఐ ఇచ్చే లాంతరు బొమ్మలు చూడండి, గది మూలమూలలా ట్యూబ్‌లైటు వేసినట్టు ఉంటుంది. కాబట్టి లాంతరు అని ఊరుకోకుండా, "లాంతరుకి రెండడుగుల లోపల ఉన్న చేతులు, ముఖం మాత్రమే కనబడుతున్నాయి, వెనక గోడ దాదాపు నలుపు" అని రాయండి. చినుకులు చూపించాలనుకుంటే వాటి వెనకనుంచి వెలుగు రావాలి. ముందునుంచి పడితే వాన కనబడదు. షూటింగుకి నీళ్ల ట్యాంకరు తెప్పించిన వాళ్లెవర్ని అడిగినా ఇదే చెబుతారు.

సెట్టుబాబాయ్ | రాత్రి 10:48

ముప్పై ఏళ్లు ఆర్ట్ డిపార్ట్‌మెంటులో పనిచేసినవాణ్ణి. నా మాట వింటే ఇదంతా లాటరీ. నూట యాభై సార్లు మీట నొక్కి బాగున్నది ఏరుకోవడాన్ని డిజైన్ అనరు. మేం పొద్దున వేసిన గోడ సాయంత్రం కూడా అక్కడే ఉండేది. మీ గోడ నాలుగు సెకన్లకి కిటికీ అయిపోతోంది.

సరే, తిట్టడం అయింది. కుర్రాడు అమ్మమ్మ కోసం చేస్తున్నాడు కాబట్టి పనికొచ్చేది చెబుతా.

తాటాకు ఇల్లు అన్నావు. గోడ దేనితో కట్టారు? మట్టిగోడ అయితే పైన సున్నం ఉందా, ఉంటే కింద అడుగున్నర మేర వాన చిమ్మి ఊడిపోయి మట్టి బయటపడి ఉండాలి. చూరు ఎంత కిందికి దిగింది? మన తీరంలో పూరింటి చూరు నెత్తికి తగిలేంత కిందికి ఉంటుంది, వంగి లోపలికి పోవాలి. ఇది ఊరికే చెప్పట్లేదు. చూరు అంత కిందికి ఉంటే ఆకాశం వెలుగు గడప దాకా వచ్చి ఆగిపోతుంది. పైన ఆ కెమెరా అబ్బాయి చెప్పిన నీలం, ఎరుపు రెండూ ఎక్కడ కలుస్తాయో నీకు తెలిసిపోయింది: గడప మీద. అమ్మమ్మని అక్కడ కూర్చోబెట్టు.

నేల ఎర్రమట్టి కాదు. అది కృష్ణమ్మ తెచ్చి పోసిన ఒండ్రు, నల్లగా, తడిస్తే నిగనిగలాడుతూ ఉంటుంది. వాకిట్లో పేడతో అలికి ముగ్గేసి ఉంటుంది. దడి తాటిమట్టలతో కట్టింది. గడ్డివాము పెడతావు కదా, పెద్దది పెట్టకు. నవంబరంటే వరి ఇంకా చేలోనే ఉంది, కొత్త గడ్డి రాలేదు. ఉన్నది పోయినేటిది, పశువులు తిని సగానికి దిగిపోయి, ఒకపక్క లాగేసి గుహలాగా ఉండాలి. చూసేవాడు ఇవేవీ లెక్కపెట్టడు. కానీ తప్పు పెడితే మాత్రం ఇది మా ఊరు కాదని మనసుకి తెలిసిపోతుంది.

ముందు కాగితం మీద ఇంటి నక్షా గియ్యి. తూర్పెటు, గుమ్మమెటు, పొయ్యి ఎక్కడ, లాంతరు ఏ దూలానికి వేలాడుతోంది. ఇది లేకుండా కంప్యూటరు ముట్టుకోకు.

జీపీయూ_గోవిందు | రాత్రి 11:20

బాబాయ్ గారు, మీరు తిట్టినా మీ చివరి పేరానే మా పద్ధతి కూడా. మీరు నక్షా అన్నదాన్ని మేం డబ్బాల ఇల్లు చేసి వాడుకుంటాం.

లంక గారు, నేరుగా మాటలనుంచి వీడియో చేయించకండి. క్రెడిట్లు కరిగేది అక్కడే. నేను చేసే వరుస ఇది. బ్లెండర్ అని 3డీ బొమ్మలు కట్టే సాఫ్ట్‌వేర్, ఉచితం, అందులో ఇంటిని డబ్బాలతో కట్టండి. గోడకి ఒక డబ్బా, కప్పుకి వాలుగా రెండు పలకలు, గడపకి ఒక చెక్క, లాంతరుకి చిన్న గొట్టం. అందం అక్కర్లేదు, కొలతలు సరిగ్గా ఉంటే చాలు. నాలుగు కోణాల్లో కెమెరా పెట్టి డెప్త్ మ్యాప్ తీయండి, అంటే దగ్గరున్నది తెల్లగా, దూరం పోయేకొద్దీ నల్లగా కనబడే బొమ్మ. దాన్ని కంఫీయూఐ (ఏఐ మోడళ్లని మన కంప్యూటరులో నడిపే సాఫ్ట్‌వేర్)లో కంట్రోల్‌నెట్ అనే భాగానికి ఇస్తే బొమ్మ వేసే మోడల్ ఆ ఆకారాలకి కట్టుబడి ఉంటుంది. గుమ్మం ఒక షాటులో కుడిపక్క, ఇంకో షాటులో ఎడమపక్క ఉండటం మానేస్తుంది. బాబాయ్ చెప్పిన సున్నం, ఒండ్రు, తాటిమట్టలు అన్నీ ఈ బొమ్మ దశలోనే రాయాలి.

నాలుగు బొమ్మలు మీకు నచ్చేదాకా వీడియో జోలికి పోకండి. నచ్చాక దాన్ని మొదటి ఫ్రేముగా ఇచ్చి కదలిక చేయించండి. అప్పుడు ప్రాంప్ట్‌లో ఇంటి గురించి ఒక్క ముక్క రాయొద్దు, ఇల్లు ఆల్రెడీ బొమ్మలో ఉంది. ఏం కదులుతోంది, ఎంత కదులుతోంది, కెమెరా కదులుతోందా లేదా, ఇవే. "కెమెరా స్టాండు మీద కదలకుండా ఉంది" అని తప్పకుండా రాయండి. లేకపోతే ప్రతిదీ డ్రోన్ షాటు అయిపోతుంది.

సొంత గ్రాఫిక్స్ కార్డు ఉంటే అలీబాబా వాళ్ల వాన్ 2.1 అనే వీడియో మోడల్ ఉంది, 2025 ఫిబ్రవరిలో అందరికీ వదిలారు. దాంట్లో చిన్న మోడల్ 8 జీబీ కార్డు మీద 480పీలో నడుస్తుంది. సెకనుకి 16 ఫ్రేములు, 81 ఫ్రేములు అంటే ఐదు సెకన్లు. కార్డు లేకపోతే గూగుల్ వియో 3, రన్‌వే జెన్ 4, క్లింగ్ లాంటివి వెబ్‌లోనే వాడుకోవచ్చు. మొదటి ఫ్రేము మీరే ఇచ్చారంటే ఏ టూల్ అన్నది అంత పెద్ద తేడా కాదు, నా అనుభవంలో.

లంక_కుర్రోడు | రాత్రి 11:41

ఇంకో డౌటు. "తలపాగా వద్దు" అని రాశాక ఇద్దరు తలపాగా తాతలు వచ్చారు. ఎందుకు?

జీపీయూ_గోవిందు | రాత్రి 11:44

"వద్దు" దానికి సరిగ్గా ఎక్కదు, "తలపాగా" మాత్రం బాగా ఎక్కుతుంది. వద్దనుకున్నవి రాయడానికి కొన్నిట్లో నెగెటివ్ ప్రాంప్ట్ అని వేరే పెట్టె ఉంటుంది, అక్కడ రాయండి. ఆ పెట్టె లేకపోతే కావాల్సింది చెప్పండి: "నూనె రాసి దువ్విన జుట్టు, భుజం మీద గళ్ల తువ్వాలు." ఇక తలపాగాకి చోటుండదు.

పంచాంగం_పిచ్చి | శనివారం, ఉదయం 6:50

లంక గారూ, మీ మొదటి ప్రయత్నాల్లో చంద్రుడు ఉన్నాడా?

లంక_కుర్రోడు | ఉదయం 7:15

ఉన్నాడండీ. పెద్ద పౌర్ణమి చంద్రుడు, తాడిచెట్ల వెనకనుంచి లేస్తూ. బాగుంది కూడా. అదొక్కటే బాగుంది.

పంచాంగం_పిచ్చి | ఉదయం 7:40

అదొక్కటే పూర్తిగా తప్పు. 1977 అక్టోబరు 12న సూర్యగ్రహణం పట్టింది, అంటే ఆ రోజు అమావాస్య. తర్వాతి అమావాస్య నవంబరు 11. అంటే 18వ తేదీ కార్తీక శుద్ధ అష్టమి ప్రాంతం. సగం చెక్క చంద్రుడు. పైగా అష్టమి చంద్రుడు సాయంత్రం లేవడు. పొద్దుగూకే వేళకి అప్పటికే నడినెత్తికి దగ్గరగా ఉంటాడు. తాడిచెట్ల వెనక చంద్రుణ్ణి పెడితే పంచాంగం చూసే ముసలాయన ఒక్కడైనా నవ్వుతాడు, నాలాగా.

నన్నడిగితే చంద్రుడే వద్దు, మబ్బు ఉంది కదా. దాని బదులు ఇంకోటి పెట్టండి. కార్తీకమాసం. తులసికోట దగ్గర సాయంత్రం దీపం పెట్టి ఉంటారు. గాలికి ఆరిపోతుంటే మళ్లీ వెలిగిస్తారు. మాటలు లేకుండా మీ కథ మొత్తం అదే.

కెమెరాకన్ను | ఉదయం 8:02

ఈ ఐడియా నాకు రానందుకు కుళ్లుగా ఉంది.

సెట్టుబాబాయ్ | ఉదయం 8:30

పంచాంగం గారికి నమస్కారం. మా రోజుల్లో మీలాంటి మనిషి పక్కనుంటే కంటిన్యుటీ తిట్లు, అంటే షాటుకీ షాటుకీ పొంతన లేదనే తిట్లు, కొన్ని తప్పేవి.

గాలివాటం | ఉదయం 10:10

మచిలీపట్నం వాణ్ణి. బోట్ల మీద పెరిగాను, వాతావరణం గురించి చదవడం పిచ్చి. మీరంతా వెలుగు మాట్లాడారు, గాలి ఎటునుంచి అని ఒక్కరూ అడగలేదు. తుఫాను సీన్లో గాలే హీరో.

మనవైపు తుఫానులో గాలి అపసవ్యంగా, అంటే గడియారం ముల్లుకి ఎదురుగా తిరుగుతుంది. తుఫాను ఆగ్నేయాన సముద్రంలో ఉన్నంతసేపూ మన తీరంలో గాలి ఈశాన్యం నుంచి కొడుతుంది. 1977లో అది చీరాల దగ్గర తీరం దాటింది. దివిసీమ దానికి కుడిపక్కన పడింది. అందుకే తర్వాత గాలి తిరిగి సముద్రం మీదనుంచి నేల మీదికి తోసింది, నీళ్లు లోపలికి వచ్చింది అలాగే. మీ సీను ముందు రోజుది కాబట్టి గాలి ఈశాన్యం. ఇంటి గుమ్మం తూర్పుకి ఉందనుకుంటే, గడప మీద కూర్చున్న మనిషికి ఎడమపక్క ముందునుంచి వస్తుంది. పొయ్యి పొగ, చీరకొంగు, చూరు అంచున తాటాకు, తాడిచెట్టు తల, దీపం నాలుక అన్నీ ఒకే పక్కకి వాలాలి. ఏఐ వీడియోల్లో నాకు నవ్వొచ్చేది ఇక్కడే. పొగ కుడికి, చెట్టు ఎడమకి, కొంగు పైకి!

బరువుని బట్టి కూడా తేడా రాయండి. దీపం వణుకుతుంది, కొంగు ఎగురుతుంది, తాటాకు గలగలలాడుతుంది, లాంతరు మెల్లగా ఊగుతుంది, తాడిమాను కదలదు. అన్నీ ఒకేలా ఊగితే అది ఫ్యాను గాలి. ఇంకా, గాలి ఆగి ఆగి రావాలి. మొదటి రెండు సెకన్లు ఏమీ లేకుండా, తర్వాత ఒక్క విసురు. ఆ విసురుకి ముందున్న నిశ్శబ్దమే మా అమ్మకి భయం, ఇప్పటికీ.

లంక_కుర్రోడు | మధ్యాహ్నం 1:25

ఇంత మంది ఇంత సమయం ఇస్తారని అనుకోలేదు. నక్షా గీశాను. అమ్మమ్మకి ఫోన్ చేసి అడిగాను, గుమ్మం తూర్పే. పొయ్యి ఇంటి వెనక పంచలో. దడి అవతల కాలువ. రాత్రికి డబ్బాల ఇల్లు కడతాను. బ్లెండర్ ఎప్పుడూ తెరవలేదు, టెన్షన్‌గా ఉంది.

ఓరుగల్లు_ఎడిటర్ | మధ్యాహ్నం 2:00

టెన్షన్ వద్దు తమ్ముడూ, డబ్బాలకి ఒక గంట చాలు. నేను ఎడిటింగ్ వైపు నుంచి నాలుగు మాటలు చెప్తా.

ఐదు సెకన్ల క్లిప్ వస్తే ఐదూ వాడకు. చివరి సెకనున్నర గోడలు కరగడం మొదలవుతుంది, చేతికి ఆరు వేళ్లొస్తాయి. మధ్యలో రెండున్నర సెకన్లు తీసుకో. నిడివి కోసం చివరి ఫ్రేమును తీసి మళ్లీ మొదటి ఫ్రేముగా ఇచ్చుకుంటూ పోయే అలవాటు కొందరికి ఉంటది. మూడోసారికి రంగులు ముదిరి, ముఖం మైనపు బొమ్మ అయితది. దానికన్నా కొత్త కోణం పెట్టుకో, అదే ఇంట్లోంచి. కట్ చేస్తే ఎవరికీ అనుమానం రాదు, సినిమా అంటేనే కట్ కదా.

వేరువేరు క్లిప్పుల్లో నలుపు వేరువేరుగా వస్తుంది. ఒకదాంట్లో నీలం నలుపు, ఇంకోదాంట్లో గోధుమ నలుపు. ఎడిటింగ్‌కి డావిన్చీ రిజాల్వ్ ఉచిత వెర్షన్ చాలు, ముందు అన్నిట్లో నలుపు ఒకటి చేయి, తర్వాతే రంగుల సంగతి. ఆఖరికి మొత్తం మీద ఒకే గ్రెయిన్, అంటే ఫిల్ములో కనబడే సన్న చుక్కలు, వెయ్యి. ఏఐ బొమ్మకుండే ఆ ప్లాస్టిక్ నునుపు సగం దాంతోనే పోతది. పొగ, చినుకులు నిజమైనవే ఫోన్‌తో నల్లబట్ట ముందు తీసి మీద పరిచేయి. అగరుబత్తి పొగ కూడా పనికొస్తది, స్లో మోషన్‌లో తీస్తే.

సెట్టుబాబాయ్ | మధ్యాహ్నం 2:20

అగరుబత్తి! మేం సాంబ్రాణి వాడేవాళ్లం. పొయ్యి పొగకి అదే దగ్గర.

చెవి_రింగులు | సాయంత్రం 5:45

సౌండ్ మనిషిని. అడక్కుండా వచ్చాను.

మీ బొమ్మలో మనిషి గడప మీద కూర్చుని ఉంది, ఏమీ జరగట్లేదు. కంటికి ఏమీ జరగనప్పుడు మొత్తం బరువు చెవి మీదే పడుతుంది. వియో 3 వచ్చినప్పటినుంచి వీడియోతో పాటే శబ్దం ఇస్తోంది, సరదాగా మీ సీను లాంటిదే ఇచ్చి చూశాను. ఉరుము, గుడి గంట, ఎక్కడో తోడేలు. తోడేలు ఎందుకొచ్చిందో దేవుడికే తెలియాలి.

ఆ శబ్దం తీసేయండి. ఫోన్ పట్టుకుని ఊరెళ్లండి. తాటాకు గాలికి చేసే చప్పుడు, కొబ్బరాకు చప్పుడు ఒకటి కాదు. తాటాకు గరగరమంటుంది, ఎండిన తోలు రాసినట్టు. సముద్రం హోరు దూరంనుంచి రికార్డు చేసి, బాగా తగ్గించి, సీను మొదటినుంచి చివరిదాకా అడుగున పరిచి ఉంచండి. కొద్దికొద్దిగా పెంచండి, ఎవరికీ తెలియనంత మెల్లగా. సీను చివర ఒక్కసారి ఆపేయండి. ఇంకేం అక్కర్లేదు.

మీ అమ్మమ్మ రికార్డింగులో ఫ్యాను మోత ఉందా?

లంక_కుర్రోడు | సాయంత్రం 5:52

ఉంది. నేను గమనించలేదు, మీరడిగాక విన్నాను. గంటన్నర మొత్తం ఉంది.

చెవి_రింగులు | సాయంత్రం 5:58

దాన్ని శుభ్రం చేసే టూల్స్ ఉన్నాయి కానీ గొంతు రేకు డబ్బాలోంచి వచ్చినట్టు అవుతుంది. ఆవిడ ఓపిగ్గా ఉంటే ముఖ్యమైన పది నిమిషాలు ఫ్యాను ఆపి మళ్లీ చెప్పించుకోండి. ఒంట్లో బాలేకపోతే వద్దు, ఉన్నదే ఉంచండి.

డెస్కు_పాతకాపు | రాత్రి 8:15

పత్రికాఫీసులో ఇరవై ఏళ్లు పని చేశాను. అడ్డుపడుతున్నానని అనుకోకండి, ఒక హెచ్చరిక. మీరు ముట్టుకుంటున్నది కల్పన కాదు. వేలమంది పోయారు, వాళ్ల పిల్లలు ఇంకా ఉన్నారు. దయచేసి దీనికి గీతలు పడిన నలుపు తెలుపు ఫిల్ము ఎఫెక్టు వేయకండి. వేస్తే అది అప్పటి వార్తాచిత్రం అవుతుంది, అంటే అబద్ధం అవుతుంది. రంగుల్లోనే ఉంచండి. మొదటి టైటిల్ కార్డులోనే, "ఈ దృశ్యాలు ఏఐతో చేసినవి, గొంతు నిజమైనది" అని పెట్టండి. నిజంగా కనబడే కృత్రిమ దృశ్యాలు ఎక్కిస్తే ఆ సంగతి చెప్పాలని యూట్యూబ్ 2024 నుంచే అడుగుతోంది, ఆ గడిలో టిక్ పెట్టండి. వియో లాంటివాటిలో ఏఐతో చేసిందని తెలిపే, కంటికి కనబడని సింథ్‌ఐడీ ముద్ర ఉంటుంది కానీ మామూలు జనం దాన్ని చూడలేరు కదా.

రేపు ఇంకో తుఫాను వస్తే మీ క్లిప్పులో పది సెకన్లు కోసి, ఇప్పుడే దివిసీమలో అని వాట్సాప్‌లో తిప్పేవాళ్లు ఉంటారు. మొదట్లో కార్డు పెట్టడం చాలదు. ప్రతి ఫ్రేములో మూలన చిన్న అక్షరాలు ఉండాలి.

కెమెరాకన్ను | రాత్రి 8:31

మూలన అక్షరాలుంటే మూడ్ పోతుందండీ. ఇంత కష్టపడి చీకటి కట్టుకుని దాని మీద స్టాంపు కొట్టినట్టు ఉంటుంది.

డెస్కు_పాతకాపు | రాత్రి 8:40

పోతే పోనివ్వండి.

సెట్టుబాబాయ్ | రాత్రి 8:55

ఇద్దరూ ఆగండి. ఎడమపక్క కింద దడి నీడ పడుతుంది కదా, ఆ నలుపులో బూడిద రంగు అక్షరాలు. వెతికేవాడికి దొరుకుతాయి, చూసేవాడికి అడ్డం రావు. కోసేవాడు కోయాలంటే బొమ్మ కూడా పోతుంది.

లంక_కుర్రోడు | రాత్రి 9:10

మూలన అక్షరాలు పెడతాను. అమ్మమ్మ ముఖం ఏఐతో చేయించను కూడా. గడప మీద మనిషి వెనకనుంచి మాత్రమే కనబడుతుంది. ముఖం చేసి చూశాను, ఎవరో సీరియల్ నటి వచ్చింది. అది చూస్తే నాకే ఏదోలా అయింది.

లంక_కుర్రోడు | తర్వాతి గురువారం, రాత్రి 10:30

అప్‌డేట్. డబ్బాల ఇల్లు అయింది, గోవిందు గారు చెప్పినట్టు నాలుగు కోణాలు. గోడ ఇప్పుడు గోడగానే ఉంటోంది, బాబాయ్ గారు సంతోషించండి. బొమ్మ దశలో వాడిన ప్రాంప్ట్ అర్థం తెలుగులో రాస్తున్నాను, ఎవరికైనా పనికొస్తుందని:

"పూరింటి గడప, చూరు మనిషి భుజం ఎత్తుకి దిగి ఉంది. మట్టిగోడకి సున్నం, అడుగున ఊడిపోయింది. నల్లటి తడి ఒండ్రు నేల. గడప మీద ఒకామె వెనకనుంచి, ముతక నూలు చీర. ఆమె కుడిపక్క నేల మీద లాంతరు, గాజు పైభాగం మసిబారింది, దాని వెలుగు రెండడుగులు దాటట్లేదు. బయట మబ్బు సాయంత్రం, బూడిద నీలం, నీడలు లేవు. దూరంగా తాటిమట్టల దడి, దాని వెనక పండబోతున్న వరిచేను లేతగా, రంగు వెలిసినట్టు."

కదలికకి రాసింది మూడే వాక్యాలు: "కెమెరా కదలదు. మొదట గాలి లేదు. తర్వాత ఒక్క విసురు ఎడమనుంచి కుడికి, కొంగు ఎగిరి లాంతరు వెలుగు వణికింది."

పదిహేడు సార్లు చేయిస్తే మూడు బాగా వచ్చాయి. ముందు నూట నలభైకి ఒకటి వచ్చేది. తులసికోట దీపం షాటు మాత్రం కుదరట్లేదు. దీపం ఆరిపోవడం చేయదు. ఆరినట్టే ఆరి మళ్లీ దానంతటదే వెలుగుతుంది. ఎన్నిసార్లు చేసినా.

జీపీయూ_గోవిందు | రాత్రి 10:47

మొదటి ఫ్రేము, చివరి ఫ్రేము రెండూ మీరే ఇవ్వండి. మొదటిదాంట్లో వెలిగే దీపం, చివరిదాంట్లో వత్తి చివర సన్న పొగ. మధ్యలో నింపడం దాని పని. ఈ రెండు ఫ్రేములు ఇచ్చే వీలు ఇప్పుడు చాలా టూల్స్‌లో ఉంది.

డల్లాస్_కాపురం | శుక్రవారం, ఉదయం 6:05

ఇన్నాళ్లూ చదువుతూ కూర్చున్నాను, ఇప్పుడే ఖాతా తెరిచాను. మాది కోడూరు మండలం. మా పెదనాన్న వాళ్లు ఆ ఏడాదే పోయారు. నా దగ్గర 24 జీబీ కార్డు ఉంది, రాత్రుళ్లు ఖాళీయే. మీ బొమ్మలు, డెప్త్ ఫైళ్లు పంపితే వాన్ పెద్ద మోడల్ మీద 720పీలో చేసి పెడతాను. డబ్బులు మాట ఎత్తకండి.

లంక_కుర్రోడు | ఆదివారం, రాత్రి 9:50

అన్నా, ఎలా చెప్పాలో తెలియట్లేదు. పంపాను.

ఇవాళ ఊరెళ్లాను. ముప్పై సెకన్ల ముక్క, చెవి గారు చెప్పిన హోరుతో, అమ్మమ్మకి ఫోన్లో చూపించాను. రెండుసార్లు చూసింది. మొదటిసారి ఏమీ అనలేదు. రెండోసారి ఆపమని, "లాంతరు గడప మీద పెడతారట్రా ఎవరైనా, గాలికి ఆరిపోదూ, లోపల పెట్టాం" అంది. ఇంత లెక్కలేసుకుని గాలిని అటునుంచే తెచ్చి, లాంతరుని తీసుకెళ్లి దానికెదురుగా పెట్టాను.

కాసేపయ్యాక, "గొడ్లేవి?" అంది. ఆ సాయంత్రం గేదెలు మేత ముట్టలేదట. పలుపు తెంచుకుని ఒకటి గట్టు మీదికి పోయి నిలబడిందట, తాతయ్య తిట్టుకుంటూ వెళ్లి తోలుకొచ్చాడట. గంటన్నర రికార్డింగులో ఈ మాట లేదు.

కెమెరాకన్ను | రాత్రి 10:02

లాంతరు లోపలికి పోతే ఇంకా మంచిది. ఆవిడ వీపు నల్లగా అవుతుంది, చుట్టూ అంచు మాత్రం ఎర్రగా వెలుగుతుంది. మళ్లీ చేయండి.

సెట్టుబాబాయ్ | రాత్రి 10:15

గేదె చేయించేటప్పుడు చూసుకో, అడవి దున్నని ఇస్తుంది. కొమ్ములు, ఒంటి మీద ఎండిన బురద, మెడకి తెగిన పలుపు ముక్క, ఇవి రాయి. గట్టు మీద నిలబెట్టి ముఖం ఇటు తిప్పకు. సముద్రం వైపు చూస్తూ ఉండనీ.

గాలివాటం | రాత్రి 10:21

చెవులు కూడా వెనక్కి.

డల్లాస్_కాపురం | రాత్రి 11:40

ఇక్కడ ఇంకా మధ్యాహ్నమే. ఆ గట్టు కూడా డబ్బాల్లో కలిపి కొత్త డెప్త్ ఫైలు పెట్టు తమ్ముడూ, మీకు తెల్లారేసరికి గేదె వచ్చి ఉంటుంది.